తెర మీద వెలుగు, పిన్ని మీద నింద

ఆ అట్టపెట్టెల ప్రెస్సులో ఆవిడను అందరూ పిన్ని అనే పిలుస్తారు. అచ్చు మిషను నడిపే మామ ఆవిడకంటే మూడేళ్లు పెద్ద. అయినా అతనికీ ఆవిడ పిన్నే.

"నీకు నేను పిన్నినైతే మీ అమ్మకు చెల్లెలిని ఎప్పుడయ్యానయ్యా?" అని అడిగితే, "ఈ గడప తొక్కిన రోజే అయ్యావు, నీకే ఎవరూ చెప్పలేదు" అంటాడు మామ.

గడప తొక్కి ముప్ఫై ఒక్క ఏళ్లయింది. అప్పుడు కంప్యూటర్లు లేవు. ఇంకులు కలిపే బల్ల ఉండేది, దాని వెనక ఒక మాస్టారు ఉండేవాడు. ఏడో తరగతి దగ్గర చదువు ఆగిపోయిన ఇరవై ఏళ్ల పిల్లకు ఆ బల్లే బడి అయింది. మాస్టారు తిట్టని రోజు లేదు, నేర్పని రోజూ లేదు. "కన్నంత గడుసుది ఇంకోటి లేదు పిల్లా" అనేవాడు. "ఎదురుగా ఏముంటే దానికి అలవాటు పడిపోతుంది, పైగా అదే సరైనదని సాక్ష్యం చెబుతుంది. కాసేపు ఎర్రగుడ్డ చూసి తెల్లకాగితం చూడు, ఆకుపచ్చగా ఉందంటుంది. కన్నును వాడుకో. నమ్మేముందు మాత్రం తూకం వెయ్యి."

కంప్యూటర్లు వచ్చాక ఆ బల్ల తీసేశారు. తెల్లచొక్కాల డిజైనర్లు ఇద్దరు వచ్చారు. తెర మీద పువ్వులు పూయించేవాళ్లు, కాగితం మీద చూస్తే పేడకళ్లు. ఆరు నెలలు అలా నడిచాక, విసుగెత్తిన ఓనరుగారు పిన్నిని పిలిచి కుర్చీ చూపించాడు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఇద్దరు డిజైనర్లకూ తెలుసు. ఎంత నొక్కితే కాగితం మీద ఏ రంగు తేలుతుందో పిన్నికి తెలుసు. మీటలు నేర్చుకోవడానికి ఆవిడకు నాలుగు నెలలు పట్టింది. రంగులు నేర్చుకోవడానికి మాత్రం ఆ ఇద్దరికీ జన్మ చాలలేదు, ఇంకో ప్రెస్సు చూసుకుని వెళ్లిపోయారు.

పిన్ని గది చూసినవాళ్లు మొదట జాలిపడతారు. నాలుగు గోడలూ బూడిదరంగు. కిటికీకి నల్లగుడ్డ. ఏ బట్టలు కట్టుకొచ్చినా పైన బూడిదరంగు కోటు తొడుక్కుంటేగాని మానిటరు ముందు కూర్చోదు. ఎర్ర బట్ట కట్టుకుని కూర్చుంటే ఆ ఎరుపు గాజు మీద పడి, బొమ్మలో ఉన్నట్టు భ్రమపెడుతుంది. పక్కనే పగటి వెలుతురు లాంటి దీపాలున్న చిన్న పెట్టె. అచ్చయిన కాగితాన్ని అందులో పెట్టి చూస్తే ఉన్న రంగు ఉన్నట్టు కనిపిస్తుంది.

ప్రతి నెలా మొదటి సోమవారం మానిటరుకు కొలత పెడుతుంది. అరగంట తెరను వేడెక్కనిచ్చి, సగం కోసిన నిమ్మకాయంత మీటరును తెర నడిమికి వేలాడదీస్తుంది. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, రకరకాల బూడిదలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే మీటరు కొలుచుకుంటుంది. మీటరు అంకెల్లో తెర వెలుగు నూట ఇరవై దగ్గర ఉండాలి. కాగితం కళ్లలోకి దీపం కొట్టదు కాబట్టి, తెర కూడా కాగితమంత నెమ్మదిగానే ఉండాలి. అది ఎక్కువ వెలిగితే, చూసేవాళ్లు బొమ్మ తేలిపోయిందనుకుని ముదురు చేస్తారు. చేసిన ముదురంతా అట్ట మీదికి వచ్చి కూర్చుంటుంది. తెరకేం, అది బాగానే ఉంటుంది. చెడిపోయేది అట్ట.

ఇంత చిన్న సంగతి బుర్రకెక్కని మనిషి రెండేళ్ల క్రితం ఆ ప్రెస్సులోకి వచ్చాడు. ఓనరుగారి అల్లుడు.

అతనికి ముందు పనేమిటని అడిగితే మార్కెటింగ్ అన్నారు. ఏం అమ్మాడో, ఎవరు కొన్నారో ఎవరికీ తెలియదు. కంపెనీలవాళ్లను వెంటేసుకుని నేరుగా పిన్ని గదిలోకి వచ్చేవాడు. చెప్పులతో వచ్చినా బాగుండును, సలహాలతో వచ్చేవాడు.

"ఏంటి పిన్నిగారూ, స్క్రీన్ ఇంత డల్‌గా పెట్టుకున్నారు? కస్టమర్ చూస్తే మూడ్ పోతుంది."

"మూడ్ కోసం కాదు బాబూ, ముద్రణ కోసం."

"నేను చూపిస్తా చూడండి" అంటూ మానిటరు వెనక చెయ్యి పెట్టి ఏదో మీట నొక్కేవాడు. తెర భగ్గుమనేది. పసుపు బంగారమయ్యేది, ఎరుపు నిప్పయ్యేది. వచ్చినవాళ్లు "వావ్" అనేవాళ్లు. అంగడి అద్దాల్లో పెట్టి అమ్మడానికి ఆ మానిటరు తయారుచేసినవాళ్లు పెట్టిన వెలుగు అది. వాళ్లు వెళ్లగానే పిన్ని మళ్లీ తన వెలుగుకు మార్చుకునేది. కొన్నాళ్లకు అతగాడు తెలివి మీరాడు. పిన్ని భోజనానికో ఇంటికో వెళ్లినప్పుడు కస్టమర్లను తెచ్చి, మీట నొక్కి, వాళ్లను పంపేసి, తెరను అలాగే వదిలి వెళ్లేవాడు. తిన్న కంచం తీసే అలవాటున్నవాడైతే నొక్కిన మీట కూడా తీసేవాడేమో.

ఇంతలో తలరంగు కంపెనీ పని వచ్చింది. ఐదు రంగులకు ఐదు పెట్టెలు. ప్రతి పెట్టె మీదా ఆ రంగు వేసుకుంటే జుట్టు ఎలా వస్తుందో చూపించే గుండ్రటి మచ్చ ఒకటి. ఒకటో నంబరు నలుపు, ఐదోది లేత రాగి, మధ్యలో మూడు గోధుమలు. అసలు రంగు ఎలా ఉండాలో తెలియడానికి నిజమైన జుట్టు కుచ్చులను ఐదు రంగుల్లో ముంచి, ఒక అట్టకు కట్టి పంపారు. పిన్ని ఆ కుచ్చులను దీపాల పెట్టెలో పెట్టి, తెర మీది మచ్చను వాటితో సరిపోల్చాలి.

"ఓనరుగారి జుట్టు ఒకటో నంబరు, మీసం రెండో నంబరు" అన్నాడు మామ, కుచ్చుల వంక చూసి.

"కనుబొమలు?"

"అవి ఇంకా దేవుడు ఇచ్చినవే."

నవ్వుకుంటూనే ఆ పొద్దున పిన్ని పనికి కూర్చుంది. కూర్చోగానే తెర కళ్లలో పొడిచింది. మచ్చలన్నీ లేతగా, తేలిపోయినట్టు కనిపించాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రెండు నెలలుగా పిన్నికి ఇంట్లో దీపాల చుట్టూ పీచు మొలిచినట్టు కనిపిస్తోంది. వీధి దీపాలకు మీసాలు వచ్చాయి. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. కన్నే అన్నం పెట్టే మనిషికి కన్ను మీద అనుమానం వస్తే చెప్పుకోవడానికి నోరెక్కడ వస్తుంది? కాబట్టి తెర పొడవగానే, అల్లుడి మీట సంగతి తోచకముందే, అది తన కంటి జబ్బే అనుకుంది. ఆ క్షణంలో లేచి మీటరు తీసి వేలాడదీస్తే అరగంటలో తేలిపోయేది. తీయలేదు. తెర సరిగ్గానే ఉందని మీటరు చెబితే, చెడింది కన్నేనని తేలుతుంది కదా. ఆ తీర్పు వినడానికి భయపడింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో మాస్టారి మాట దాటింది ఆ ఒక్క పొద్దునే.

మూడో మచ్చనూ నాలుగో మచ్చనూ కుచ్చుల రంగు వచ్చేదాకా ముదురు చేసింది. మామూలుగా అయితే ముందు ఒక ప్రూఫు అచ్చు తీసి, కుచ్చు పక్కన పెట్టి చూసి, అప్పుడు అచ్చు వేసే ప్లేటు చేయడానికి పంపుతుంది. అల్లుడుగారు వచ్చి, "ప్రూఫు వద్దు పిన్నిగారూ, టైం లేదు. కంపెనీవాళ్లు స్క్రీన్ మీదే ఓకే చేశారు" అన్నాడు. ఇంకో రోజైతే గుమ్మానికి అడ్డం కూర్చునేది. ఆ రోజు తన కన్ను మీద తనకే నమ్మకం లేదు. ఊరుకుంది.

యాభై వేల పెట్టెలు అచ్చయ్యాయి. నాలుగో నంబరు మూడోదానిలా ఉంది, మూడోది రెండోదానిలా ఉంది. కంపెనీ మనిషి రెండో నంబరు పెట్టె ఒకటి, మూడో నంబరు పెట్టె ఒకటి తెచ్చి ఓనరుగారి ముందు పెట్టి, "ఈ రెండింట్లో తేడా మీరు చెప్పండి, మేం తీసుకుంటాం" అన్నాడు. ఓనరుగారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చెప్పలేకపోయాడు.

కంపెనీ మనిషి వెళ్లాక ఆయన నేరుగా మిషన్ల దగ్గరకు వచ్చాడు. కోసేవాళ్లు, మడిచేవాళ్లు, అంటించేవాళ్లు, మామ, అందరూ కలిపి పదకొండు మంది ఉన్నారు. వాళ్ల మధ్యలోకి పిన్నిని పిలిచాడు.

"పిన్నీ, నీ కన్ను చెడింది" అన్నాడు. "వయసు ఎవరి తప్పూ కాదమ్మా. రేపటి నుంచి పెట్టెలు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చో."

అల్లుడుగారు పక్కనే నిలబడి, చావు ఇంటికి వచ్చినవాడిలా మొహం పెట్టి, "మీరు రెస్ట్ తీసుకోవాల్సిన టైం పిన్నిగారూ" అన్నాడు.

ఎంత మర్యాద! మనిషిని ముంచేటప్పుడు కూడా 'గారూ' వదల్లేదు. కన్ను చెడిందట. మానిటరు సంగతేమిటని ఒక్కడు అడగలేదు. ప్రూఫు ఎందుకు తీయలేదని ఒక్కడు అడగలేదు. యంత్రం కొత్తది, అల్లుడు కొత్తవాడు, పాతది ఆ గదిలో ఒక్కతే ఉంది. నింద వేయడానికి అంతకంటే ఏం కావాలి? అదే తప్పు ఏ కుర్రాడో చేస్తే పొరపాటు అనేవాళ్లు. యాభై దాటిన ఆడదాని దగ్గర జరిగితే దానికి జబ్బని పేరు.

ఇంటికి వెళ్లి పిన్ని ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది. ఆవిడ మొగుడు బస్సు నడిపి రిటైరైన మనిషి. కాసేపు చూశాడు.

"ఏంటే, ఊరందరికీ వండుతున్నావా? కిలో తరిగావు."

"ఘాటుగా ఉన్నాయి."

"ఉల్లిపాయలు ఇన్నేళ్లుగా ఘాటుగానే ఉన్నాయి, ఇవాళ్టిదాకా నువ్వు ముక్కు చీదలేదు."

అప్పుడు చెప్పింది. దీపాలకు పీచు మొలిచిన సంగతితో సహా మొత్తం చెప్పింది. ఆయన కత్తి తీసి పక్కన పెట్టాడు.

"బస్సు ఆగిపోతే ముందు డీజిలు చూస్తాం, తర్వాత ఇంజను చూస్తాం. డ్రైవరును దించేసి, ఇతని కాలు బలహీనం అనేవాడిని నేను ఎక్కడా చూడలేదు. కన్ను చెడిందో లేదో చెప్పాల్సింది డాక్టరమ్మ. మీ ఓనరుకు ఆ పట్టా ఎవరిచ్చారు?"

"నిజంగా చెడిందంటే?"

"చెడితే బాగు చేయించుకుందాం. బాగుంటే వాళ్లకు బాగు చేద్దాం."

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లారు. ఆవిడ అక్షరాలు చదివించి, దీపం కొట్టి చూసి, "ఎడమ కంట్లో శుక్లం మొదలైందమ్మా. కుడికన్ను శుభ్రంగా ఉంది" అంది.

పిన్ని కుర్చీ ముందుకు జరుపుకుంది. "అయితే రంగులు తేలిపోయి మెరుస్తున్నట్టు కనిపించింది దానివల్లేనా?"

"దీపాల చుట్టూ వెలుగు చెదరడం దానివల్లే. రంగులు మాత్రం శుక్లం వల్ల మసకబారతాయి, కొంచెం పసుపు తిరుగుతాయి. అది కంటికి అడ్డంపడిన పొర కదా, పొర అడ్డం పెడితే వెలుగు తగ్గుతుందిగాని పెరగదు. అనుమానంగా ఉంటే ఎడమకన్ను మూసి కుడికంటితో చూడండి. అప్పటికీ మెరిస్తే మెరుస్తున్నది ఆ వస్తువే."

అంత సులువైన పని తనకెందుకు తోచలేదని దారంతా పిన్ని తనను తానే తిట్టుకుంది. మిగిలిన తిట్లు దాచుకుని ప్రెస్సుకు వెళ్లింది.

లెక్కపెట్టే బల్ల వైపు కన్నెత్తి చూడలేదు. తన గదిలోకి వెళ్లి, కోటు తొడుక్కుని, మానిటరు వెలిగించి, అరచేత్తో ఎడమకన్ను మూసుకుంది. కుడికంటికి కూడా తెర భగ్గుమంది. బయటికి వచ్చి మామను కేకేసింది.

"మామా, ఇటు రా. సాక్షి కావాలి."

"పెళ్లికా, పోలీసుకా?"

"వచ్చి చూడు."

అరగంట ఆగి మీటరు వేలాడదీసింది. అంకె పైకి ఎక్కుతూ ఎక్కుతూ మూడు వందల పది దగ్గర నిలిచింది.

"ఎంత ఉండాలి?" అన్నాడు మామ.

"నూట ఇరవై."

మామ ఈల వేశాడు. "ఇది మానిటరు కాదు పిన్నీ, లారీ హెడ్‌లైటు."

"ఓనరుగారిని పిలుచుకురా. అల్లుడుగారిని కూడా. ఆయన లేకుండా ఈ శుభకార్యం జరగదు."

ఇద్దరూ వచ్చారు. అంకె చూసి ఓనరుగారికి ఏమీ అర్థం కాలేదు. అల్లుడికి వెంటనే అర్థమైంది. అందుకే ముందు అతనే నోరు తెరిచాడు.

"ఆ మీటరు పాతది మామయ్యా. తప్పు చూపిస్తుంది."

"సరే బాబూ" అంది పిన్ని. "నేను ముసలిదాన్ని, నా మీటరూ ముసలిదే. నీ వేలు కుర్రది కదా. కస్టమర్లకు చూపించేటప్పుడు నొక్కుతావే, ఆ మీట ఒకసారి నొక్కు."

"ఏ మీట?"

"మానిటరు వెనక, కుడి పక్క, పై నుంచి రెండోది. నాకంటే నీకే బాగా తెలుసు."

ఓనరుగారు చూస్తుండగా తప్పించుకునే దారి లేక అల్లుడు నొక్కాడు. తెర నెమ్మదించింది. మీటరు నూట ఇరవై ఒకటి అంది. "మళ్లీ నొక్కు" అంది పిన్ని. మూడు వందల పది. "ఇంకోసారి." నూట ఇరవై ఒకటి. మీటరుకు మొహమాటం లేదు. అది అల్లుడని చూడదు, ఓనరని చూడదు, ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

"అంకెలు నాకెందుకు చూపిస్తావు?" అన్నాడు ఓనరుగారు చిరాగ్గా. "పెట్టెలు నల్లగా ఎందుకు వచ్చాయో అది చెప్పు."

పిన్ని తలరంగు ఫైలు తెరిచింది. నెమ్మదించిన తెర మీద మూడో మచ్చా నాలుగో మచ్చా కమిలిపోయినట్టు ముదురుగా ఉన్నాయి. చెడిపోయిన పెట్టెలు రెండు తెచ్చి దీపాల పెట్టెలో, తెర పక్కన పెట్టింది. అచ్చం ఆ రంగులే.

"ఇప్పుడు చూడండి, తెర మీద ఉన్నదే పెట్టె మీద ఉంది. బాబూ, నొక్కు." అల్లుడు నొక్కాడు. తెర భగ్గుమంది, మచ్చలు లేతబడి కుచ్చుల రంగులోకి వచ్చాయి. పెట్టెలు మాత్రం నల్లగానే ఉన్నాయి. "ఆ రోజు నాకు కనిపించింది ఇది. అబద్ధాల తెర ముందు కూర్చోబెట్టి నిజం రాయమన్నారు. ప్రూఫు తీస్తే ఒక్క కాగితంతో పోయేది, అదీ వద్దన్నారు."

ఓనరుగారు తెర వంక చూశాడు, పెట్టెల వంక చూశాడు, చివరికి అల్లుడి వంక చూశాడు. అల్లుడు గోడ వంక చూశాడు. బూడిదరంగు గోడ అతనికి ఎన్నడూ అంత నచ్చి ఉండదు.

"సరేలే పిన్నీ" అన్నాడు ఓనరుగారు. "అయిందేదో అయింది. నీ కుర్చీలోకి వచ్చెయ్."

అయిందేదో అయిందట! వేసినవాళ్లకు నింద ఎప్పుడూ తేలికే. మోసేవాళ్ల మెడ వంగుతుంది.

"కుర్చీకేం సార్, ఎక్కడైనా దొరుకుతుంది" అంది పిన్ని. "నిన్న పదకొండు మంది ముందు నా కన్ను చెడిందన్నారు. ఆ పదకొండు మంది ముందే ఇప్పుడు తెలిసింది కూడా చెప్పండి."

"నేను చెప్పాలా? అందరికీ తెలుస్తుందిలే."

"తెలియదు. చెడ్డమాటకు కాళ్లుంటాయి, దానంతట అదే వెళ్తుంది. మంచిమాటను ఎవరో ఒకరు మోసుకెళ్లాలి."

ఓనరుగారు గొణుక్కుంటూ మిషన్ల దగ్గరకు నడిచాడు. మామ చెప్పకుండానే పరిగెత్తి వెళ్లి తన చోట నిలబడ్డాడు. మిషను ధడధడమని తిరుగుతోంది. ఆ చప్పుడులోనే ఓనరుగారు చెయ్యి ఊపుతూ పెదవులు కదిపాడు. పెదవులు కదిలిన సంగతి అందరికీ కనిపించింది, మాట ఎవరికీ వినిపించలేదు. పని అయిపోయినట్టు వెనక్కి తిరిగాడు.

పిన్ని మామ వంక చూసింది. ఒక్క చూపే. మామ మిషను ఆపేశాడు. చక్రాలు తిరిగి తిరిగి నిలిచిపోయాయి. కోసేవాళ్లు కోత ఆపారు, మడిచేవాళ్లు మడత ఆపారు.

"ఇప్పుడు చెప్పండి సార్."

ఓనరుగారు దగ్గాడు. "పెట్టెలు చెడింది పిన్ని కన్ను వల్ల కాదు. మానిటరు వల్ల."

"మానిటరుకు చేతులు లేవు" అంది పిన్ని.

పదకొండు మందీ అల్లుడి వైపు తిరిగారు. అతను జేబులో చేతులు పెట్టుకోబోయి, ఎందుకో మళ్లీ బయటికి తీశాడు. "వెలుగు పెంచింది నేనే" అన్నాడు. "తగ్గించడం మర్చిపోయాను."

"ప్రూఫు?"

"వద్దన్నదీ నేనే."

పిన్ని అక్కడితో ఊరుకోవచ్చు. గెలిచింది కదా. ఊరుకోలేదు.

"నా తప్పు కూడా ఒకటుంది, వినండి" అంది. "ఆ పొద్దున తెర పొడుస్తుంటే మీటరు పెట్టకుండా ముదురు చేశాను. కన్ను మీద అనుమానంతో, ఆ మాట బయటపడుతుందన్న భయంతో పెట్టలేదు. ఎడమ కంట్లో శుక్లం ఉందని డాక్టరమ్మ చెప్పింది. వచ్చేవారం తీయించుకుంటున్నాను. నా కన్ను గురించి ఏదైనా చెప్పాల్సి వస్తే నేను చెబుతాను. ఇంకొకరి నోటితో వినాల్సిన అవసరం ఎవరికీ లేదు."

"చచ్చాం" అన్నాడు మామ. "అది తీసేస్తే మన తప్పులన్నీ రెండింతలు కనిపిస్తాయి."

నవ్వు పుట్టింది. ఓనరుగారు కూడా నవ్వబోయి, పరువు గుర్తొచ్చి మానుకున్నాడు. "ఆపరేషన్ అయితే ఎన్నాళ్లు రావు?" అని మాత్రం అడిగాడు.

"పది రోజులు. ఆ తర్వాత కొత్త కంటితో వచ్చి కూర్చుంటాను. అందాకా మీటరు పెట్టే బీరువా తాళం మామ దగ్గర ఉంటుంది. ముందు ఆ మూడూ నాలుగూ సరిచేసి వెళ్తాను. బాబూ, కస్టమర్లకు చూపిస్తానని పట్టుకెళ్లిన కుచ్చుల అట్ట ఎక్కడ పెట్టావో తెచ్చి ఇవ్వు. కంపెనీవాళ్లకు కబురు చెయ్యి, ఈసారి ప్రూఫు కాగితం మీద చూసి సంతకం పెట్టాలని చెప్పు."

"వాళ్లు తొందరలో ఉన్నారు పిన్నిగారూ..."

"నేనూ తొందరలోనే ఉన్నాను. ప్రూఫు లేకుండా ప్లేటుకు పంపితే ఆ ప్లేటు మీద నేనే పడుకుంటాను, నన్నే అచ్చు తీసుకోండి" అంటూ పిన్ని కోటు గుండీలు పెట్టుకుంది.